ఆపరేషన్ కాగితం మీద సంతకం ఎవరిది?

రేపు అమ్మకి ఆపరేషన్, ఆవిడ స్పృహలోనే ఉన్నా ఆస్పత్రివాళ్ళు కొడుకు సంతకమే అడుగుతున్నారు, పెట్టేస్తే తర్వాత అడిగే హక్కు పోతుందా అన్నారు కదా. పోదండి. "ఏం జరిగినా మాది పూచీ కాదు" అని రాయించుకున్నా డాక్టరు నిర్లక్ష్యం ఆ కాగితంతో మాఫీ అయిపోదు. ముందు ఆవిడ సంతకం సంగతి చూడండి.

నాలుగేళ్ళ కిందట మా అమ్మని అండాశయంలో గడ్డ తీయడానికి లోపలికి తీసుకెళ్ళిన గంటకి సిస్టర్ ప్యాడ్ పట్టుకుని వచ్చి, "గర్భసంచి కూడా తీసేస్తే మేలంటున్నారు, ఇక్కడ పెట్టండి" అని పెన్సిల్‌తో ఇంటూ కొట్టిన చోటు చూపించింది. కాగితమంతా ఇంగ్లీషు, ఆపరేషన్ పేరు రాయాల్సిన గీత ఖాళీ. టెన్షన్‌లో పెట్టేశాను. కుట్లు విప్పించుకుని వస్తుంటే ఆటోలో అమ్మ, "నా ఒంట్లోది తీసేటప్పుడు నన్నొక్క మాట అడగక్కర్లేదట్రా?" అంది. ఏం చెప్పను?

తర్వాత తెలిసింది, అచ్చం ఇలాంటి కేసే, సమీరా కోహ్లీ కేసు, 2008లో సుప్రీంకోర్టు తేల్చిందని. 44 ఏళ్ళావిడ, లాపరోస్కోపీ (పొట్టలోకి చిన్న గొట్టం పంపి చూడటం) పరీక్షకి ఒప్పుకుంది, మత్తులో ఉండగా బయటున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. పరీక్షకి ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కి చెల్లదు, మేజరైన మనిషి కాసేపు మత్తులో ఉన్నంత మాత్రాన తల్లి ఆవిడ తరఫున ఒప్పుకోవడం కుదరదు, ప్రాణమో ఆరోగ్యమో కాపాడటానికి తప్పనిసరై, మెలకువ వచ్చేదాకా ఆగడం కుదరదనుకుంటేనే మినహాయింపు అంది కోర్టు. ఇప్పించిన పరిహారం మాత్రం 25 వేలే (డాక్టరుకి ఫీజు కూడా రాకుండా చేశారనుకోండి). అలాగని ఎక్కడో లక్షలో ఒకరికి వచ్చే ప్రమాదాలన్నీ ఏకరువు పెట్టాలని కోర్టు డాక్టర్లకి చెప్పలేదు. ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారేమైనా ఉందా, పెద్ద ప్రమాదాలేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవి చెప్పాలి.

అందుకని ఈ రాత్రే డ్యూటీ డాక్టర్ని మంచం దగ్గరికి పిలిచి అమ్మకి తెలుగులో చెప్పమనండి. లోపల ఇంకేమైనా కనిపిస్తే ఏం తీయొచ్చు, ఏం తీయకూడదు అన్నది ఇప్పుడే ఆవిడతో తేల్చి, ఫారంలో రాయించండి, అలా ముందే రాయించుకోవచ్చని ఆ తీర్పులోనే ఉంది. మీరు కావాలంటే సాక్షిగా సంతకం పెట్టండి. గీత ఖాళీగా ఉంటే మాత్రం పేరు రాసేదాకా అమ్మ చేతికి పెన్ను ఇవ్వకండి.