పాప పుట్టాక నీరసం, బొటనవేలి నొప్పి... ఉపవాసం కొనసాగించవచ్చా?

ప్రశ్న: నా వయసు 28. బాబుకు నాలుగేళ్లు, పాపకు ఏడు నెలలు. పాపకు నా పాలే పడుతున్నాను, మెత్తటి ఆహారం ఈ మధ్యే మొదలుపెట్టాం. తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి ప్రార్థన చేసుకోవడం, వారానికొక రోజు నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండటం నాకు పెళ్లికి ముందు నుంచీ అలవాటు. కాన్పు తర్వాత కొన్నాళ్లు ఆపి మళ్లీ మొదలుపెట్టాను. ఇప్పుడు విపరీతమైన నీరసం. మెట్లెక్కితే గుండెదడ వస్తోంది. జుట్టు బాగా ఊడుతోంది. పాపను ఒళ్లో పెట్టుకుని ప్రార్థనకు కూర్చోగానే కునుకు పట్టేస్తోంది. నాలో భక్తి తగ్గిపోయిందేమో అనిపించి ఏడుపొస్తోంది. బొమ్మలు వేయడమంటే నాకు ప్రాణం. ఇప్పుడు బ్రష్ పట్టుకుంటే కుడిచేతి బొటనవేలి మొదట్లో సూదితో పొడిచినట్టు నొప్పి. బొమ్మలు మానేస్తే అన్నీ సర్దుకుంటాయని ఇంట్లో వాళ్లు అంటున్నారు. ఏం చేయమంటారు?
– పేరు రాయవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు చేతి నొప్పి సంగతి చెబుతాను. ఇంట్లో వాళ్లు దాన్ని చూపించే మీ బొమ్మలు మాన్పించాలనుకుంటున్నారు కాబట్టి.

ఒక చిన్న పరీక్ష చేసి చూసుకోండి. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా నాలుగు వేళ్లతో దాన్ని మూసి పిడికిలి పట్టండి. ఆ పిడికిలిని నెమ్మదిగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో, మణికట్టు పక్కన నొప్పి చురుక్కుమంటే అది చాలావరకు డీ క్వెర్వైన్ సమస్యే. ఫ్రిట్జ్ డీ క్వెర్వైన్ అనే స్విట్జర్లాండ్ సర్జన్ 1895లో దీన్ని వివరించాడు కాబట్టి ఆయన పేరే నిలిచిపోయింది. బొటనవేలిని కదిలించే రెండు స్నాయువులు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లలాంటివి) మణికట్టు దగ్గర ఒక ఇరుకైన తొడుగులోంచి వెళ్తాయి. చేతికి పదేపదే ఒకే రకమైన ఒత్తిడి పడితే ఆ తొడుగు మందమై, లోపల స్నాయువు కదిలినప్పుడల్లా నొప్పి పుడుతుంది.

చంటిపిల్లల తల్లుల్లో ఇది ఎంత ఎక్కువగా కనిపిస్తుందంటే, చాలామంది డాక్టర్లు దీన్ని తల్లుల బొటనవేలు అనే పిలుస్తారు. పాపను ఎత్తుకునేటప్పుడు బొటనవేళ్లు బాగా చాపి, చంకల కింద చేతులు పెట్టి లేపుతాం కదా, ఆ భంగిమలోనే స్నాయువుల మీద ఎక్కువ భారం పడుతుంది. ఏడు నెలల పాప ఏడెనిమిది కిలోలు ఉంటుంది. రోజుకు ఎన్నిసార్లు ఎత్తుతున్నారో మీకే తెలియదు. దాని ముందు బ్రష్ బరువెంత? పాపను ఎత్తడం వల్ల వచ్చిన నొప్పికి బొమ్మలను బాధ్యుల్ని చేస్తున్నారన్నది నా అభిప్రాయం.

ఇకనుంచి ఒక అరచేయి పాప పిరుదుల కింద, రెండోది వీపు వెనుక పెట్టి, బొటనవేళ్లను మిగతా వేళ్ల పక్కనే ఉంచి ఎత్తండి. బరువు ముంజేతుల మీద పడాలి. పాలిచ్చేటప్పుడు పాప తలను మణికట్టు వంచి మోయకుండా దిండు పెట్టుకోండి. బొటనవేలిని కదలనివ్వని స్ప్లింట్ మూడు నాలుగు వారాలు వాడాలి. మామూలు ఎలాస్టిక్ బ్యాండ్ బొటనవేలిని ఆపదు కాబట్టి దానివల్ల పెద్దగా ఉపయోగం ఉండదు. నొప్పి ఎక్కువైతే పారాసిటమాల్, కడుపులో పుండు, కిడ్నీ సమస్య, ఆస్తమా లేకపోతే ఐబుప్రొఫెన్ వాడవచ్చు. పాలిచ్చే తల్లులకు ఈ రెండూ సురక్షితమే. అప్పటికీ తగ్గకపోతే ఎముకల డాక్టర్ ఆ తొడుగులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. చాలామందికి దాంతో ఉపశమనం దొరుకుతుంది, పాలు ఆపాల్సిన పని లేదు. ఈలోగా బ్రష్ పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకోండి, ముంజేయి బల్ల మీద ఆన్చి, ఒక్కోసారి పావుగంటకు మించకుండా వేయండి. బొమ్మలు మాత్రం మానొద్దు.

ఇప్పుడు నీరసం. మీ లక్షణాలన్నీ కలిపి చూస్తే ముందు రెండు అనుమానాలు వస్తున్నాయి. ఒకటి రక్తహీనత. గర్భంలో, కాన్పులో ఖర్చయిన ఐరన్ తిరిగి నిండకపోతే మెట్లెక్కినప్పుడు దడ, ఆయాసం వస్తాయి. హిమోగ్లోబిన్ 12 గ్రాములకంటే తక్కువ ఉంటే రక్తహీనత కింద లెక్క. అది సరిగ్గానే ఉన్నా ఒంట్లో ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు. అందుకే ఆ నిల్వలను చూపే ఫెర్రిటిన్ పరీక్ష కూడా అడగండి. రెండోది థైరాయిడ్. కాన్పు తర్వాత కొందరికి థైరాయిడ్ గ్రంథి వాస్తుంది. మొదటి నెలల్లో హార్మోన్ ఎక్కువై, నాలుగో నెల నుంచి ఎనిమిదో నెల మధ్యలో తగ్గిపోతుంది. మీరు సరిగ్గా ఆ సమయంలోనే ఉన్నారు. ‘పిల్లల తల్లికి అలసట మామూలే’ అని అందరూ తేలిగ్గా తీసుకోవడంతో ఇది తరచూ బయటపడదు. థైరాయిడ్ పనితీరును చూపే టీఎస్‌హెచ్ పరీక్ష ఒక్కటి చాలు, కొంత దారి తెలుస్తుంది. వాటితో పాటే విటమిన్ బీ12 కూడా చూపించుకోండి.

ఐరన్ మాత్రలు రాస్తే టీ, కాఫీలతో కలిపి వేసుకోకండి. థైరాయిడ్ మాత్ర కూడా మొదలైతే రెండింటి మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. జుట్టు గురించి బెంగ వద్దు. కాన్పు తర్వాత రెండు మూడు నెలలకు మొదలయ్యే ఈ రాలడం చాలామందిలో పాపకు ఏడాది నిండేసరికి సర్దుకుంటుంది. ఐరన్, థైరాయిడ్ లోపాలుంటే మాత్రం అవి సరిచేయాలి.

ఉపవాసం విషయంలో నా సలహా స్పష్టం. నీళ్లు కూడా తాగకుండా ఉండే ఉపవాసం ప్రస్తుతానికి ఆపేయండి. పాలిచ్చే తల్లికి రోజుకు దాదాపు 500 క్యాలరీలు అదనంగా కావాలి. ఒక్కరోజు తినకపోతే పాలు వెంటనే తగ్గిపోవు, ఆ లోటును శరీరం మీ నిల్వల్లోంచే పూడుస్తుంది. ఇప్పుడు మీ దగ్గర ఆ నిల్వలు ఉన్నాయా అన్నదే అనుమానం. పైగా నీళ్లు లేకపోతే తలనొప్పి, కళ్లు తిరగడం వస్తాయి. పాపను ఎత్తుకుని మెట్లు దిగుతున్నప్పుడు కళ్లు తిరిగితే ఏమవుతుందో ఆలోచించండి. మీ మతం ఏదో మీరు రాయలేదు, నేను అడగను కూడా. ఇస్లాంలో పాలిచ్చే తల్లి రంజాన్ ఉపవాసాన్ని తర్వాతికి వాయిదా వేసుకోవచ్చు. క్యాథలిక్ సంప్రదాయంలోనూ బాలింతలకు మినహాయింపు ఉంది. మీ పెద్దలను, గురువులను అడిగితే వాళ్లూ ఇదే చెప్పవచ్చు. రిపోర్టులు బాగుండి, పాపకు ఏడాది దాటి, ఎక్కువగా ఆహారం మీదే ఆధారపడుతున్నప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం.

ప్రార్థనలో కునుకు పట్టడానికి కారణం నిద్ర చాలకపోవడం. రాత్రి రెండు మూడుసార్లు లేచి పాలిచ్చి, మళ్లీ నాలుగున్నరకు లేస్తే ఎవరికైనా అంతే. దీన్ని భక్తితో ముడిపెట్టి మిమ్మల్ని మీరు నిందించుకోకండి. కానీ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను: నిద్రమత్తుగా ఉన్నప్పుడు పాపను ఒళ్లో పెట్టుకుని కూర్చోవద్దు. మీరు నిద్రలోకి జారితే పాప కింద పడవచ్చు, ముఖం మీ దుస్తుల్లో కూరుకుపోయి ఊపిరాడకపోవచ్చు. పాపను తన పడకలో వెల్లకిలా పడుకోబెట్టి, అప్పుడు ప్రార్థనకు కూర్చోండి. కొన్ని నెలలు ఆ సమయాన్ని పొద్దెక్కాకకు మార్చుకుంటే ఇంకా మంచిది.

మీకు రాత్రి కనీసం నాలుగైదు గంటలు ఏకధాటిగా నిద్ర కావాలి. ఒక పూట పాలు మీ భర్త పట్టాలి. మీరు ముందే పిండి తీసి ఉంచిన పాలు ఫ్రిజ్‌లో నాలుగు రోజుల వరకు, గది వేడి మరీ ఎక్కువ లేకపోతే బయట నాలుగు గంటల వరకు ఉంటాయి. ఆయన ఇందులో సాయం చేస్తున్నారని అనుకోకూడదు, పాప ఆయన బిడ్డ కూడా.

ఏడుపు గురించి ఒక్క మాటలో రాసి వదిలేశారు, నాకు మాత్రం అది ముఖ్యం. రెండు వారాలకు మించి రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటున్నారా? బ్రష్ పట్టుకోవాలన్న ఆశ కూడా పోతోందా? అయితే అది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. ఇది ఏడాదిలోపు ఎప్పుడైనా మొదలవ్వవచ్చు. ఎడిన్‌బరో స్కేల్ అని, ఈ డిప్రెషన్‌ను గుర్తించేందుకు పది ప్రశ్నల పత్రం ఉంది, 1987 నుంచి వాడుకలో ఉంది. డాక్టర్ దగ్గర కొద్ది నిమిషాల్లో నింపవచ్చు. కౌన్సెలింగ్‌తో చాలామంది కోలుకుంటారు, మందు అవసరమైనా పాలిస్తూనే వాడదగినవి ఉన్నాయి. థైరాయిడ్ తగ్గినా దిగులు రావచ్చు కాబట్టి రెండూ కలిపి చూడాలి. చనిపోవాలనో, పాపకు హాని చేయాలనో ఆలోచన వచ్చినా, లేని మాటలు వినిపించినా, పాప పడుకున్నా రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. అదే రోజు ఎవరినైనా తోడు తీసుకుని ఆసుపత్రికి వెళ్లండి.

ఈ వారంలో రక్త పరీక్షలు చేయించుకోండి. కూర్చున్నా గుండెదడ తగ్గకపోతే, లేదా ఛాతీలో నొప్పి, కాళ్ల వాపు ఉంటే ఆ వారం కూడా ఆగకుండా వెంటనే డాక్టర్‌కు చూపించుకుని ఈసీజీ తీయించుకోండి.