పురాణ హారర్ కథలో చెంచు పాత్ర పెడితే సరిపోతుందా?

నల్లమల నేపథ్యంలో పురాణ హారర్ సినిమా రాస్తున్నాను, ఒక చెంచు పాత్ర పెడితే ప్రాతినిధ్యం ఇచ్చినట్టేనా అని అడిగారు. కాదండీ. ఆ పాత్ర చేత ఏం చేయిస్తున్నారన్నదే ముఖ్యం.

మన హారర్ సినిమాల్లో అడవి మనిషి అంటే చాలాసార్లు ఎముకల దండ, ఒంటినిండా రంగు, అర్థంకాని అరుపులు. లేదా హీరోను హెచ్చరించి, మరుసటి సీన్‌లోనే చచ్చిపోయే ముసలాయన. అతనికి ఇల్లూవాకిలీ ఉండవు, పెళ్లాంపిల్లలు ఉండరు.

ఉమ్మడి కర్నూలు జిల్లా అహోబిలంలో కథ వేరు. సంధ్యవేళ గడప మీద హిరణ్యకశిపుణ్ణి గోళ్లతో చీల్చిన ఉగ్రరూపం కంటే భయంకరమైన దృశ్యం ఏముంటుంది? ఆ నరసింహుడే చెంచులక్ష్మిని మనువాడాడు. అందుకే చెంచులు ఆయన్ను బావ అంటారు. కనుమ నాడు మొదలయ్యే పార్వేట అనే వేట ఉత్సవంలో విల్లంబులు పట్టుకుని వస్తారు. తన పెళ్లికి పిలవడానికి స్వామి పల్లకిలో సుమారు 40 రోజులు ఊరూరా తిరుగుతాడని నమ్మకం. లోకమంతా వణికిన దేవుడితో వరస కలిపే చనువు వాళ్లది! ఇంత గొప్ప బంధాన్ని పక్కనపెట్టి చేతబడి సీన్ రాస్తే నాకు నిజంగా కడుపు మండుతుంది.

స్క్రిప్టు షూటింగ్‌కు ముందే చెంచుగూడెంలో చదివి వినిపించండి. ఆ పాత్రలకు వాళ్లనే తీసుకోండి, డబ్బింగ్ కూడా వాళ్ల గొంతుతోనే ఉంచండి. కథ కడప వైపు నడిస్తే, వెంకటేశ్వరస్వామి భార్యగా కొలిచే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపడుచుగా తలచి ఉగాదికి దేవుని కడప గుడికొచ్చే ముస్లింలకూ చోటివ్వండి.