వైడ్ లెన్స్ ఒక్కటి కొంటే ఆర్కిటెక్చర్ ఫోటోగ్రాఫర్ అయిపోవచ్చా?

ఎక్కువ వెడల్పు పట్టే మంచి వైడ్ లెన్స్ కొని బిల్డింగుల ఫోటోలు తీస్తూ బతకొచ్చా, రోజువారీ పని ఎలా ఉంటుంది అని అడిగారు. పన్నెండేళ్లుగా నేను చేస్తున్నది ఇదే. బతకొచ్చు. కాకపోతే షట్టర్ నొక్కేది తక్కువ, కుర్చీలు జరిపేది ఎక్కువ. వైర్లు దాచడం, డస్ట్‌బిన్‌లు మోయడం, గోడ మీదికి ఎండ వచ్చేదాకా కూర్చోవడం, వీటితోనే పొద్దు గడిచిపోతుంది. సాయంత్రానికి పది పన్నెండు మంచి ఫోటోలు మిగిలితే ఆ రోజు బాగా జరిగినట్టే.

మొదట్లో నేనూ లెన్స్ ఉంటే చాలనుకున్నాను. ఐదంతస్తుల ఆఫీసు ఒకటి తీయడానికి వెళితే పైభాగం ఫ్రేములో పట్టలేదు. కెమెరా పైకెత్తి తీసేశాను. ఆ ఫోటోలు చూసి ఆర్కిటెక్ట్ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా, "గోడలు నేను నిటారుగానే కట్టించానండీ, మీరెందుకు వెనక్కి పడగొట్టారు?" అన్నారు. తల ఎత్తలేకపోయాను.

కెమెరా పైకెత్తితే లోపల బొమ్మ పడే సెన్సార్ గోడకు సమాంతరంగా ఉండదు. అందుకే నిలువు గీతలు పైకి పోయేకొద్దీ ఒకదానివైపు ఒకటి వాలతాయి. కెమెరాను లెవెల్‌లోనే ఉంచి లెన్స్‌ను మాత్రం పైకి జరపాలి. షిఫ్ట్ లెన్స్ చేసే పని అదే. మా పనిలో ఎక్కువగా కనిపించే కెనాన్ టీఎస్-ఈ 24 ఎంఎం రెండో వెర్షన్ 12 ఎంఎం దాకా జరుగుతుంది. సాఫ్ట్‌వేర్‌లోనూ సరిచేయొచ్చు గానీ పైభాగం సాగుతుంది, అంచులు కోసేయాల్సి వస్తుంది. మీరైతే షిఫ్ట్ లెన్స్ ఇప్పుడే కొనకండి. ఉన్న వైడ్ లెన్స్‌నే లెవెల్‌లో పెట్టి తీసి, కింద ఎక్కువైన నేలను కత్తిరించండి. పని దొరికాక షిఫ్ట్ లెన్స్ అద్దెకు తెచ్చుకోవచ్చు. ట్రైపాడ్ మాత్రం గట్టిది కొనండి.

అసలు టెన్షన్ సాయంత్రం మొదలవుతుంది. సూర్యుడు దిగాక ఆకాశపు వెలుగు, కిటికీల్లోని లైట్ల వెలుగు సమానమయ్యే సమయం ఒకటి ఉంటుంది, మహా అయితే ఇరవై నిమిషాలు. ఒకసారి అన్ని అంతస్తుల్లో లైట్లు వేయించి, కింద ట్రైపాడ్ దగ్గర కాచుకుని ఉన్నాను. ఆకాశం సరిగ్గా నీలం తిరుగుతుండగా మూడో అంతస్తు మొత్తం ఆరిపోయింది. శుభ్రం చేసేవాళ్లు పని అయిపోయిందని స్విచ్‌లు ఆపి వెళ్లిపోయారు, పాపం వాళ్లకేం తెలుసు. నేను మెట్లెక్కి లైట్లు వేసి దిగేసరికి ఆకాశం నల్లబడింది. ఆ ఒక్క ఫోటో కోసం మర్నాడు మళ్లీ వెళ్లాను. అప్పటినుంచి స్విచ్‌ల దగ్గర ఒక మనిషిని ఉంచకుండా సాయంత్రం షూట్ ఒప్పుకోను.

అమెరికన్ ఆర్కిటెక్చర్ ఫోటోగ్రాఫర్ జూలియస్ షుల్‌మన్ 1960లో లాస్ ఏంజెలెస్‌లో తీసిన గాజు ఇంటి ఫోటో మీరు చూసే ఉంటారు. లోపల ఇద్దరు అమ్మాయిలు మాట్లాడుకుంటూ ఉంటారు, కింద నగరమంతా దీపాలు. చూస్తే క్షణంలో దొరికినట్టుంటుంది. నిజానికి ఆ దీపాల కోసం షట్టర్ నిమిషాల తరబడి తెరిచే ఉంచాడు. అంతసేపూ వాళ్లు చీకట్లో కూర్చున్నారు, చివర్లో ఫ్లాష్ వెలిగింది. ఈ కథ తెలిశాక నాకు ఎదురుచూడటం మీద విసుగు కాస్త తగ్గింది.

ఇంటీరియర్స్‌లో చిక్కు వేరే. కిటికీ వెలుగు నీలంగా, బల్బు వెలుగు పసుపుగా పడి తెల్లగోడ రెండు రంగుల్లో వస్తుంది. పగటిపూట అయితే నేను ముందు లైట్లన్నీ ఆపించి చూస్తాను, చాలాసార్లు అదే బాగుంటుంది.

డబ్బు సంగతి ఒక్కటి. మొదటి ఏడాది నా ఫోటో ఒక టైల్స్ కంపెనీ బ్రోచర్‌లో కనిపించింది. అడిగితే ఆర్కిటెక్ట్ ఇచ్చారన్నారు. ఎవరెవరు వాడుకోవచ్చో నేను ఒప్పందంలో రాయనే లేదు, ఇక ఎవరిని అడగను? ఇప్పుడు షూట్‌కు ముందే ఆర్కిటెక్ట్, బిల్డర్, ఇంటీరియర్ డిజైనర్, ఎవరికి ఫోటోలు కావాలో కనుక్కుని ఎవరి లైసెన్స్, అంటే వాడుకునే అనుమతి, వాళ్లకు విడిగా రాస్తాను. ముందే కలిసి వస్తే షూట్ ఖర్చు పంచుకుంటారు, తర్వాత అడిగినవాళ్లు విడిగా కట్టుకుంటారు.