మీ అమ్మ పుట్టిన తేదీ ఎక్కడ వెతకాలంటే

చిరంజీవి బాబీకి మావయ్య ఆశీస్సులు.

అమ్మ బర్త్ సర్టిఫికెట్ గురించి అంత టెన్షన్ పడకు. కానీ 1958 నాటి ముచ్చట ఆన్‌లైన్‌లో దొరుకుతుందని కూర్చోకు. అప్పట్లో రాసిందెవరో తెలిస్తేనే పుస్తకం ఎక్కడుందో తెలిసేది.

మన కోస్తా పల్లెల్లో మద్రాసు వాళ్ల 1899 చట్టం కింద పుట్టుక, చావు రాసే పని గ్రామ మునసబుది. కరణానిది పొలం లెక్క. మునసబుకి రాత అంతగా రాకపోతే ఇదీ కరణం చేతే రాయించేవాడనుకో. తెలంగాణలో అయితే పోలీసు పటేల్ రాసేవాడు. కాన్పు మంత్రసాని చేసేది, కబురు ఇంటి పెద్దో తలారో చేరవేసేవాడు. అందుకే తేదీ రెండు రోజులు అటూ ఇటూ ఉంటుంది. బడి సర్టిఫికెట్‌లో జులై 1 ఉందన్నావు కదా, అది మేష్టారి పుణ్యం! దాన్ని నమ్మి వెతకొద్దు.

ముందుగా ఊరు సరిచూసుకో. మేమిద్దరం పుట్టింది మా అమ్మమ్మగారింట్లో. ఎక్కడ పుడితే ఆ ఊరి పుస్తకంలోనే రాస్తారు. ఈ సంగతి తట్టక నా సర్టిఫికెట్ కోసం మా నాన్నగారి ఊరి రిజిస్టర్లు రెండు రోజులు తిరగేయించాను. గుమాస్తా విసుక్కున్నాడు, తప్పు నాదే.

ఇంకోటి, అమ్మ పేరుతో అడగకు. బారసాల కాకముందే రాసేవారు కాబట్టి 'ఆడశిశువు' అని, పక్కన తండ్రి పేరు ఉంటుంది.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు తీసేసింది, ఆ మరుసటేడు తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పంచాయతీలో పాత పుస్తకం లేదంటే తహసీల్దారు ఆఫీసులో అడుగు. అక్కడా లేకపోతే లేదని రాయించుకో. ఆ కాగితంతో ఆలస్యపు నమోదుకి పెట్టుకోవచ్చు. ఏడాది దాటినవాటికి ఇదివరకు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఆర్డరు కావాల్సొచ్చేది, జనన మరణాల నమోదు చట్టానికి 2023లో చేసిన సవరణతో అది కలెక్టరు, ఆర్డీఓల చేతికి వచ్చింది.

వెళ్లేటప్పుడు తాతయ్య పేరు ఇంటిపేరుతో సహా రాసుకెళ్లు. ఊళ్లో ఆయన్ని బుల్లెబ్బాయి అనేవారు. పుస్తకంలో ఆ పేరే ఉందేమో అదీ చూడమను.

మీ మావయ్య