బైకు మెకానిక్ సొంత పెట్టె

ప్రశ్న: నాలుగేళ్లుగా మేస్త్రి దగ్గర బైకుల పని చేస్తున్నాను. ఇప్పుడు సొంత షెడ్డు పెట్టుకుంటున్నాను. వందకు పైగా ముక్కలున్న సాకెట్ సెట్టు చవగ్గా వస్తోంది. తీసుకోమంటారా? (తణుకు)

జవాబు: వద్దండీ. ఆ లెక్కలో చాలావరకు బిట్లే ఉంటాయి, పెద్ద సాకెట్లేమో కార్ల పనికి వచ్చేవి. బైకు మీద మీ చెయ్యి రోజంతా తిరిగేది 8, 10, 12, 14, 17, 19 సైజుల మీదే. ముందు వాటినే మంచి ఉక్కులో తీసుకోండి: రింగు పానాలు, డి పానాలు (నోరు తెరిచి ఉండేవి), 14 దాకా టి పానాలు, 3/8 అంగుళాల రాచెట్ (ఒక వైపే పట్టి తిప్పే పళ్ల పిడి), దానికి ఆరు మూలల సాకెట్లు. పన్నెండు మూలలది నట్టును మూల దగ్గరే పట్టుకుంటుంది. తుప్పు పట్టిన నట్టు మీద బలం పెట్టారంటే మూలలు అరిగి గుండ్రమైపోతుంది. ఆరు మూలలది పలక మీద ఆనుతుంది కాబట్టి జారదు.

కొట్టుకు వెళ్లేటప్పుడు 10 పానా పట్టే కొత్త బోల్టు ఒకటి జేబులో వేసుకెళ్లండి. డి పానా నోట్లో పెట్టి అటూ ఇటూ ఆడించండి. కాస్త కదిలితే ఫర్వాలేదు, మూల మీదికి ఎక్కి జారబోతే ఆ పానా పక్కన పెట్టేయండి. రాచెట్‌ని మెల్లగా తిప్పి చూడండి. 72 పళ్లదైతే 5 డిగ్రీలకే పట్టుకుంటుంది, 24 పళ్లదైతే 15 డిగ్రీలు తిరగాలి. ఛాసిస్ పక్క ఇరుకులో ఆ పది డిగ్రీలే పని ఆపేస్తాయి. టపారియా లాంటి కంపెనీల పానాలు విడిగా కూడా దొరుకుతాయి, 10-11 పోతే అదొక్కటే తెచ్చుకోవచ్చు.

ఇంజిన్ మాగ్నెట్‌ను ఊడలాగే పుల్లర్ల మర బండిని బట్టి మారుతుంది. అవి పని వచ్చినప్పుడే కొనండి.

ప్రశ్న: పాత బళ్ల క్లచ్ కవర్ స్టార్ స్క్రూల తలలు తినేస్తున్నాయి. ఏ స్క్రూడ్రైవర్ కొనాలి?

జవాబు: జపాన్ డిజైను ఇంజిన్ల మీద ఉండేది జె.ఐ.ఎస్. (జపాన్ పారిశ్రామిక ప్రమాణం) గాడి. మామూలు ఫిలిప్స్ కొన దాని అడుగుదాకా దిగదు, బలం పెట్టగానే పైకి తన్నుకొస్తుంది. 6 ఎం.ఎం. స్క్రూకు 3వ నంబరు జె.ఐ.ఎస్. కొన, 5 ఎం.ఎం.కు 2వ నంబరు తీసుకోండి. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ కూడా తప్పనిసరి. గాడిలో మట్టి సూదితో గీకేసి, కొన నిలువుగా దించి, విప్పే వైపుకు బిగువుగా తిప్పి పట్టుకుని అరకిలో సుత్తితో గట్టిగా ఒక్క దెబ్బ వేయండి. చిన్న దెబ్బలు పది వేస్తే గాడే అరుగుతుంది.

బిగించడానికి మాత్రం ఇంపాక్ట్ డ్రైవర్ వాడొద్దు, అల్యూమినియంలో మర ఊడొస్తుంది. 6 ఎం.ఎం. బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్లు చాలు. అంటే 10 సెంటీమీటర్ల పిడి చివర 10 కిలోల బలం. బిగింపు బలం కొలిచే టార్క్ పానా కొంటే 5 నుంచి 25 కొలత ఉన్నది కొనండి. అరంగుళం సైజు పెద్దది ఇంత తక్కువ బలానికి పనికిరాదు.

ప్రశ్న: మడత అరల పెట్టా, చక్రాల డ్రాయర్ల పెట్టా?

జవాబు: ఇళ్లకు వెళ్లి పని చేస్తే మడత అరలది. రెండు పిడులూ కలిపి ఎత్తండి. ఒక్క పిడితో లేపితే రివెట్లు వదులై అరలు వంకరగా మూసుకుంటాయి. షెడ్డులోనే ఉండేదైతే బేరింగు పట్టాల డ్రాయర్లున్నది మేలు. పుల్లర్లు, సుత్తులు అడుగు డ్రాయర్‌లో పెట్టండి. బరువున్న డ్రాయర్లు రెండు మూడు ఒకేసారి లాగితే పెట్టె ముందుకు తూలి మీద పడుతుంది. పెట్రోలుతో కడిగిన పానాలను అలాగే మూసిపెట్టకండి. వానాకాలంలో క్రోం ఊడిన చోటల్లా తుప్పు లేస్తుంది. పెట్టెలో పెట్టేముందు నూనె గుడ్డతో ఒక్కసారి తుడవండి.