ట్యాగా స్టూడెంట్ చాప్టర్‌లో చేరితే ఉపయోగం ఉంటుందా?

ప్రింటింగ్ టెక్నాలజీలో బీటెక్ తర్వాత గ్రాఫిక్ కమ్యూనికేషన్స్ ఎం.ఎస్.కి అమెరికా వెళ్తున్నానని, అక్కడ ట్యాగా అనే ప్రింటింగ్ రంగ సంస్థకు యూనివర్సిటీలో ఉండే విద్యార్థి శాఖలో, అంటే చాప్టర్‌లో చేరితే చదువు దెబ్బతింటుందేమోనని అడిగారు. చేరండి. రెజ్యూమెలో ఒక లైను కోసమైతే మాత్రం వద్దు, ఆ లైను చూసి ఎవరూ ఉద్యోగం ఇవ్వరు.

ట్యాగా అంటే టెక్నికల్ అసోసియేషన్ ఆఫ్ ది గ్రాఫిక్ ఆర్ట్స్, 1948లో పుట్టిన సంస్థ. క్లెమ్సన్, కాల్ పాలీ లాంటి యూనివర్సిటీల్లోని చాప్టర్లకు ఏటా ఉండే పెద్ద పని జర్నల్ తేవడం. వ్యాసాలు, డిజైను, ప్రింటింగు, బైండింగు అన్నీ విద్యార్థులే చూసుకోవాలి. వార్షిక సదస్సులో ఈ జర్నళ్లకు పోటీ, గెలిస్తే కిప్‌హాన్ కప్.

మా చాప్టర్ జర్నల్‌కు నేను ప్రొడక్షన్ వైపు, అంటే ప్రింటింగు, బైండింగు పనిలో ఉండేవాణ్ని. మాది పర్ఫెక్ట్ బైండింగ్, అంటే పేజీల వెన్నుకు జిగురు పెట్టి అట్ట అతికించడం. డిజైన్ వాళ్లు కోరుకున్న పేజీ సైజును షీటులో అమర్చి చూస్తే పేపరు గ్రెయిన్, అంటే కాగితంలో పీచు సాగిన దిశ, అడ్డంగా పడుతోంది. గ్రెయిన్ వెన్నుకు సమాంతరంగా లేకపోతే పేజీ తిప్పినా పడుకోదు, బిర్రబిగుసుకుని లేచి నిలబడుతుంది. గాలిలో తేమ మారితే వెన్ను దగ్గర అలలు తేలతాయి. ఎంత చెప్పినా వినకపోతే, తెల్ల కాగితాలతో రెండు డమ్మీలు కట్టి వాళ్ల చేతుల్లో పెట్టాం. అప్పుడు గానీ సైజు తగ్గించడానికి ఒప్పుకోలేదు. మన దగ్గర ఫారాలు మడతపెడుతూ పెరిగిన బైండరైతే కాగితం ముక్క చించి చూసి ఈ సంగతి చెప్పేస్తాడు, అది వేరే విషయం!

చదువు సంగతికి వస్తే, దసరా దీపావళి రోజుల్లో పని తేలిగ్గానే ఉంటుంది. అసలు టెన్షన్ సంక్రాంతి తర్వాతే. మొదటి మీటింగుకు పిజ్జా కోసం వచ్చినవాళ్లలో చాలామంది అప్పటికి కనబడరు. మిగిలినవాళ్లకే మెషీన్ చేతికొస్తుంది. ల్యాబ్‌లో డెల్టా ఈ (రెండు రంగుల మధ్య తేడాను చెప్పే అంకె) కొలిచిన క్లాసు ప్రాజెక్టును పెంచి వ్యాసంగా ఇస్తే ఒకే కష్టం రెండు చోట్లా పనికొస్తుంది.

ఇంటర్వ్యూలో ఆ జర్నల్‌ను టేబుల్ మీద పెట్టాను. అవతలాయన ఒక్క వ్యాసం కూడా చదవలేదు. వెన్ను విరిచి చూశాడు, ట్రిమ్ మీద, అంటే కోసిన అంచు మీద, వేలు పోనిచ్చాడు, గ్రెయిన్ గురించి అడిగాడు. మిగతాదంతా దాని మీదే నడిచింది.

చాప్టర్లు ఒక్కో ఏడాది నడుస్తాయి, ఒక్కో ఏడాది పడుకుంటాయి. మీ డిపార్ట్‌మెంటుకు ఇప్పుడే మెయిల్ పెట్టి కనుక్కోండి. చేరాక మాత్రం ప్రెసిడెంటు, సెక్రటరీ పదవుల జోలికి పోకుండా ప్రొడక్షన్ అడగండి.