పానం తావు తప్పినప్పుడు

ప్రశ్న: మా ఆయన చనిపోయి నాలుగు నెలలైంది. పిల్లలు పడుకున్నాక నిద్ర పట్టదు. ఫోన్‌లో గజేంద్రమోక్షం పద్యాలు పెట్టుకుని వింటాను. నేను చదివింది పదో తరగతే, సగం మాటలకు అర్థం తెలియదు. అయినా గుండె దడ తగ్గుతుంది. మా ఆడబిడ్డ మాత్రం "అర్థం కాని పద్యాలు వింటే ఏమొస్తది? అవి మన మాటలా?" అంటుంది. నన్ను నేను మోసం చేసుకుంటున్నానా?
– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ

జవాబు: లేదమ్మా. మీ ఉత్తరం చదవగానే మా అమ్మ గుర్తొచ్చింది.

మాది నాగర్‌కర్నూల్ దగ్గర పల్లె. ఒక ఏడు మా నాయన మేస్త్రీ వెంట బొంబాయి మట్టిపనికి పోయాడు. పది నెలలు ఉత్తరం లేదు. ఆ కార్తీకంలో హనుమాండ్ల గుడి దగ్గర పంతులుగారు రాత్రిపూట పోతన భాగవతం చదివేవారు. అమ్మ చాటలో పల్లికాయలు పోసుకుని ఒలుస్తూ వినేది. అక్షరం రాదు ఆమెకు. ఒక రాత్రి ఈ పద్యం వచ్చింది:

"లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, ప్రాణంబులున్
ఠావుల్ దప్పెను, మూర్ఛ వచ్చె, తనువున్ డస్సెన్, శ్రమంబయ్యెడిన్"

అమ్మ చేయి ఆగిపోయింది. పక్కనున్న నాతో మెల్లగా అంది: "ఏనుగుకు గూడ పానం తావు తప్పిందంటరా." విలోలం అంటే చెదిరిపోవడమని ఆమెకు తెలియదు. కానీ పానం ఆమె మాట, తావు ఆమె మాట. పంతులుగారు ఇంకా తాత్పర్యం మొదలే పెట్టలేదు, ఆమెకు అందవలసింది అప్పటికే అందింది.

తర్వాత నేను తెలుగు పంతులునై ముప్పై ఏళ్లు ఆ పద్యం పాఠం చెప్పాను. శార్దూలం అనే వృత్తం, పాదానికి పందొమ్మిది అక్షరాలు. అంత పొడుగు పాదాల్లో పోతన ఏం చేశాడో చూడండి. లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సె, అయ్యెడిన్. రెండు పాదాల్లో ఆరు చిన్న వాక్యాలు. ఆయాసపడే మనిషి ఒక్కొక్క మాటే చెప్పినట్టు. ఆ రెండు పాదాల్లో దేవుణ్ని పిలవడం కూడా లేదు, ఉన్న స్థితి చెప్పడమే. పిలుపు మూడో పాదంలో వస్తుంది. మీకు నాలుగు నెలలుగా అందరూ ధైర్యం చెప్పే ఉంటారు. ధైర్యం లేదని చెప్పుకోనిచ్చింది ఈ పద్యమే కావచ్చు. పాడేవాళ్లు పాదం చివర రాగం తీసి ఆగినప్పుడు మీ ఊపిరి కూడా నిదానిస్తుంది. మీరన్న గుండె దడ తగ్గడం అక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

మా నాయన ఆ సంక్రాంతికి తిరిగొచ్చాడు. మీకు ఆ ఊరట లేదు, ఆ తేడా నాకు తెలుసు. అందుకే ఇంకో మాట. తిండి సహించక, నిద్ర లేక రోజులు గడుస్తుంటే పద్యం ఒక్కదానితో సరిపెట్టుకోకండి. 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిదే, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇక "మన మాటలా?" అన్న ప్రశ్న. పానం, తావు మా అమ్మ మాటలైతే అవి మన మాటలే. పద్యం కూడా మనకు పరాయిది కాదు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా మా పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లోనే ఇక్కడి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అనే సంకలనం తెచ్చారు. కానీ ఆడబిడ్డతో ఇవేవీ వాదించకండి. ఆమెకు పోయింది తోబుట్టువు. ఆమెకు కూడా నిద్ర పడుతోందో లేదో. ఒక రాత్రి ఇయర్‌ఫోన్లు తీసేసి, ఫోన్ మీ ఇద్దరి మధ్య పెట్టి, ఈ ఒక్క పద్యం వినిపించండి. ఏ మాట దగ్గర ఆమె మీవైపు చూసిందో నాకు రాయండి.